మూత తీయని ఎర్ర పెన్ను

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. మా అత్తగారు అమావాస్య నాడు గడప దాటేవారు కాదు. నేను పనిగట్టుకుని ఆ రోజే ఆటో ఎక్కి సినిమాకి పోయేదాన్ని. ఇది చదివి నన్ను నమ్మేవాళ్ల జాబితాలో కలపొద్దని మనవి.

డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు ప్రతి వేసవిలో యూనివర్సిటీ క్యాంపస్‌లో జవాబు పత్రాలు దిద్దాను. కోడి కెలికినట్టున్న రాతలన్నీ చివరికి నా టేబుల్ మీదికే వచ్చేవి. నాదొక పద్ధతి. మూత తీయని ఎర్ర పెన్నుతో ఆ అక్షరాల మీదే దిద్దుకుంటూ పోతాను. కంటికి అందనిది కాసేపటికి చేతికి తెలుస్తుంది. ఒక్క నియమం ఎప్పుడూ తప్పలేదు. కాగితం మీద లేనిదానికి అర మార్కు కూడా వేయలేదు.

ఈ సంగతి తెలిసే, తార్నాకలో మా కింది వాటాలో ఉండే కరుణమ్మ గారు వాళ్ల నాన్నగారి డైరీ తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు, నర్సాపురం వైపు వాళ్లు. ఆవిడ పుట్టిన రోజే తల్లి పోయింది. తండ్రి అప్పుడు గోదావరి మీద పడవలో ఊరూరా తిరుగుతూ బడులు పెడుతున్నారు. ఈవిడకి మూడేళ్లు నిండకుండానే ఆయనా పోయారు. తల్లిని మింగిన పిల్ల అన్న మాట మాత్రం బంధువుల నోళ్లలో మిగిలింది. నాన్నగారు కూడా అలాగే అనుకున్నారా? ఆవిడకి తెలియాల్సింది ఆ ఒక్కటే.

కదిలే పడవలో రాసిన రాత. రోజుకి రెండు పేజీలు చదవడమే గగనమైంది. కానీ చదివేకొద్దీ ఆ మనిషి నాకు నచ్చేశాడు. వానకి తడిసిన పిల్లల పలకలు తన దుప్పటితో తుడిచి, తను చలికి వణుకుతూ పడుకున్నాడు. జ్వరంతో ఎనిమిది మైళ్లు నడిచి, "పిల్లలు పదకొండుమంది వచ్చారు, సంతోషం" అని మాత్రమే రాసుకున్నాడు. జ్వరం సంగతి మర్నాటి పేజీలో గానీ లేదు. ఇంత చేసి ఇంత తక్కువ చెప్పుకున్న మనిషిని నేను ఎరగను.

నెల తర్వాత డైరీలో ఆవిడ పుట్టిన వారానికి వచ్చాం. సరిగ్గా అక్కడే రెండు ఆకులు తడిసి అంటుకుపోయి ఉన్నాయి. ఆయన కాగితానికి ఒక వైపే రాసేవారు. ఆ రాత లోపలి వైపు ఉండిపోయింది కాబట్టి మాకు కనిపిస్తున్నది ఉత్త తెల్ల కాగితం. కిటికీ వెలుగుకి పెట్టి చూశాను, ఒక్క గీత కనబడలేదు. మధ్యాహ్నం మూడయింది. కరుణమ్మ గారు పక్కనే కుర్చీలో ఉన్నారు.

అలవాటుగా పెన్ను ఆ ఖాళీ మీద పెట్టాను. చెయ్యి కదిలింది. నోరూ కదిలింది.

"కబురు ఇవాళ అందింది. పడవ కోసం ఆగను, గట్టున నడిచిపోతాను. పిల్ల క్షేమమట. ఎవరూ దాన్ని ఒక్క మాట అనకముందే నేను..."

అక్కడ కరుణమ్మ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. పెన్ను ఆగిపోయింది. ఆవిడ చాలాసేపు ఏడ్చారు. ఇంక చాలమ్మా అన్నారు.

ఆవిడ వెళ్లాక ఆ మాటలు నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దావిడని ఓదార్చాలని అల్లి చెప్పి ఉంటాను. ముప్పై ఏళ్ల నియమం మంటగలిసింది. అది అబద్ధమే అయితే ఆవిడ ముఖం ఎలా చూడను?

ఆవిడ వద్దంటున్నా వినకుండా, డైరీని క్యాంపస్ లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేసే యాదగిరి దగ్గరికి తీసుకెళ్లాను. అతను రెండు రోజులు తేమలో ఉంచి, పల్చటి బ్లేడుతో ఆకులు విడదీశాడు.

"లోపల రాత మంచిగనే ఉన్నది మేడం. గని ఏం రాసిండో నాకైతే సమజ్ అయితలేదు" అన్నాడు.

నాకు అయింది. నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చూశాను. మాట తర్వాత మాట, అవే. ఆయన రాత నా చేతికి అలవాటైందని సరిపెట్టుకుందామన్నా, నా పెన్ను తిరిగింది కాగితం వెనుక వైపు. అటు నుంచి అక్షరాలు తిరగబడి ఉండాలి. అయినా చూడని మాటలు చేతికెలా తెలుస్తాయి? నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను.

పేజీలో ఒక్క మాట ఎక్కువ ఉంది. నా చెయ్యి ఆగిన చోట, "నేను" తర్వాత. ఆ సాయంత్రమే వెళ్లి కరుణమ్మ గారికి చదివి వినిపించాను.

"చేరాలి."

ఆవిడ పేజీ మీద అరచెయ్యి ఆనించారు.

"ఇవాళ చేరారమ్మా" అన్నారు. "కాస్త ఆలస్యమైంది, అంతే."