అక్క రాయి వండిన రోజు

పోయిన ఆదివారం శాన్ రామన్ నుంచి మా అమ్మాయి వీడియో కాల్ చేసి, కొత్తగా కొన్న ఉప్పునీటి అక్వేరియం చూపించింది. ఆఫీస్ పని ఇంటి నుంచే చేసుకుంటుంది కాబట్టి కళ్ళ ముందు ఏదైనా కదులుతూ ఉండాలట, కుక్కను పెంచే తీరిక లేదట. ఫోన్‌ని గాజుకి దగ్గరగా పెట్టి, "నాన్నా, చూడు, ఎంత ప్రెట్టీగా ఉందో! మెయింటెనెన్స్ కూడా ఏం లేదు," అంది. రెండు నారింజరంగు చేపలు, తెల్లటి ఇసుక, ఒక పక్కగా పేర్చిన రాళ్ళు. ఆ రాళ్ళ మీద చొక్కా బొత్తాలంత గుండ్రంగా, నడుమ ఆకుపచ్చగా, అంచున ఊదారంగుగా, నీటితోపాటు మెల్లగా ఊగుతున్నవి కనిపించాయి. ఇక్కడ క్యారీ ఊళ్ళో మా వంటింట్లో పొయ్యి మీద పెట్టిన పాలు పొంగి పడ్డాక గాని నేను కదల్లేదు.

అక్క పోయి ఇంకా ఏడాది కాలేదు.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో అక్కా బావగార్ల ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. నా వయసువాళ్ళకి ఆ రోజులు వేరే చెప్పక్కర్లేదు: వీసా కాగితాల కోసం ఎదురుచూపు, పాత కారు, వారానికొకసారి ఫోన్ కార్డు మీద నంబరు గీకి ఇంటికి చేసే ఫోను. బావగారు కార్ల కంపెనీలో బ్రేకుల విభాగంలో పనిచేసేవారు. అక్క పుట్టింది, పెరిగింది భీమిలిలో. నేను చదువుల మూలంగా చిన్నప్పుడే ఆ ఊరు వదిలేశాను గాని, తను పెళ్ళయ్యేదాకా రోజూ సముద్రాన్ని చూసిన మనిషి. మిషిగన్ చలికాలంలో వంటింటి కిటికీలోంచి చూస్తే పెరడూ ఆకాశమూ ఒకే తెలుపులో కలిసిపోయి ఉండేవి. ఆ తెలుపు చూస్తుంటే కళ్ళకి ఆకలేస్తోందని ఒకసారి అంది. ఆ మాట విన్నాకే బావగారు చేపల తొట్టి కొన్నారు.

తొట్టి కొనేటప్పుడే ఆయన ఒక షరతు పెట్టుకున్నారు, దానికి తాము చాకిరీ చేయకూడదని. అందుకని చేపలు తక్కువ, అవీ మొండివి. నీరు శుభ్రం కావడానికి యంత్రాల కన్నా సముద్రంలోంచి తీసిన రాళ్ళనే నమ్ముకున్నారు. చిల్లులు చిల్లులుగా ఉండే ఆ రాళ్ళలో కంటికి కనపడని జీవాలుంటాయి, అవే సగం పని చేస్తాయి. నాచు తినడానికి నాలుగు నత్తలు. ఆవిరైపోయిన మేరకు మంచినీళ్ళు పోయడం, అప్పుడప్పుడు కొంత నీరు మార్చడం, అంతే మా పని. ఇక అందం సంగతి. మొదట అక్క తెచ్చిన ప్లాస్టిక్ ఓడనూ, గులాబీరంగు గులకరాళ్ళనూ ఆయన మూడోరోజే తీసేశారు. వెనక గాజుకి బయటినుంచి నల్లరంగు వేశారు. రాళ్ళని మధ్యలో కుప్పగా పోయకుండా ఒక పక్కకి జరిపి, కింద గుహలాగా సందు వదిలి, ముందంతా ఇసుకని ఖాళీగా ఉంచారు. ఇంత తక్కువ సామానుతో అంత లోతు ఎలా వచ్చిందా అని నేను ఆశ్చర్యపోయాను. ఆ ఖాళీయే నాకు నచ్చింది. అక్కకి మాత్రం నచ్చలేదు.

"బోసిగా ఉందండీ, ముత్తైదువ మెడలో ఏమీ లేనట్టు," అనేది.

"చేపలకి మెడలుండవే," అనేవారు బావగారు.

అలా వచ్చాయి ఆ బొత్తాలు, మా అమ్మాయి తొట్టిలో కనిపించినలాంటివే. షాపువాడు ఒక చిన్న రాయి మీద అతికి ఉన్నవాటిని అమ్ముతూ, ఇవి మీరు మరిచిపోయినా బతుకుతాయన్నాడట. చూడ్డానికి పూలు గాని నిజానికి జీవాలు. అక్క వాటిని బొట్టుబిళ్ళలు అనేది. వెలుతురు పడితే విచ్చుకునేవి, వేలు దగ్గరికి తెస్తే ముడుచుకునేవి. ఏడాది తిరిగేసరికి ఒక రాయి మీంచి ఇంకో రాయికి పాకి, బావగారు కష్టపడి వదిలిన ఖాళీ అంచుదాకా వచ్చేశాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ తొట్టి ముందు ఆగి, "అబ్బ, ఎంత బాగుందండీ!" అనేవాళ్ళు. చేపలు ఎప్పుడో గాని ఆ పక్కకి పోవని గమనించింది నేనొక్కణ్ణే అనుకుంటాను, అదీ అప్పుడు పట్టించుకోలేదు.

ఇక్కడ అక్క అలవాటొకటి చెప్పాలి. తనకి ఏదైనా మరిగితేనే శుద్ధి. ఊళ్ళో కలరా వచ్చిన ఏడు మా అమ్మ నేర్పిన అలవాటు అది, అమెరికా వచ్చినా పోలేదు. కుళాయి నీళ్ళు అలాగే తాగొచ్చని బావగారు ఎన్ని సార్లు చెప్పినా కాచి చల్లార్చాల్సిందే. గాలన్ డబ్బాలో వచ్చే పాలు ఫ్యాక్టరీలో ఒకసారి కాచినవే అంటే, "వాళ్ళు కాచింది వాళ్ళకి," అనేది. నేను జలుబుతో పడుకుంటే నా చెంచా కూడా మరిగేది. మేం నవ్వేవాళ్ళం. నవ్వుతూనే ఆ నీళ్ళు తాగేవాళ్ళం.

ఆ చలికాలం ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. పీట వేసేది తొట్టి పక్కనే. ముందు వరుసలో ఉన్న రాయికి వెంట్రుకల్లాంటి నాచు పట్టి, బొట్టుబిళ్ళల మధ్య మురికిగా వేలాడుతోంది. వ్రతం ముందురోజు శనివారం మధ్యాహ్నం బావగారు ఆ రాయి తీసి సింకులో బ్రష్‌తో రుద్దారు. పోలేదు. ఆయన గరాజ్‌లో కుర్చీలు దులపడానికి వెళ్ళారు. అక్క, వంటకి వాడని పాత అల్యూమినియం డబరా ఒకటి తీసి, రాయి అందులో వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. బయట మంచు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, హీటర్ తిరుగుతోంది.

నేను కింద బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాను. మెట్ల మీంచి అక్క గొంతు వినిపించింది. "ఒరేయ్ తమ్ముడూ, ఒకసారి పైకి రారా! భీమిలి వాసన వస్తోందిరా!" తన గొంతులో అంత సంబరం ఈ దేశంలో అంతకు ముందు నేను వినలేదు. అదే సమయానికి ఆఫీస్ నుంచి ఫోనొచ్చింది, ఆగిపోయాను. మూత తీసి, ఆ గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని పీల్చానని తర్వాత తనే చెప్పింది. ఒకసారి కాదట, వాసన పోతుందేమోనని మళ్ళీ మళ్ళీ పీల్చిందట.

నేను పైకి వెళ్ళేసరికి పొయ్యి ఆర్పేసి ఉంది. అక్క శాలువా కప్పుకుని సోఫాలో వణుకుతోంది. కాఫీ తాగితే నోట్లో ఇనుప తాళంచెవి పెట్టుకున్నట్టుందని చెప్పింది. లోపలికి వచ్చిన బావగారు కాసేపటికే దగ్గడం మొదలుపెట్టారు. ఫ్లూ అనుకున్నాం. రేపటి వ్రతం వాయిదా వేద్దామా అని ఆయన అంటే, అక్క తల అడ్డంగా ఊపింది గాని మాట పెగల్లేదు. ఊపిరి తీసుకోవడమే ఒక పనైపోయింది తనకి, ప్రతి ఊపిరికీ భుజాలు లేస్తున్నాయి. పెదాలు నీలంగా మారడం చూసి నేను అంబులెన్స్ పిలిచాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వరసగా ప్రశ్నలు వేసింది. హీటర్ నుంచి విషవాయువు వచ్చిందేమోనని పరీక్ష చేశారు, కాదు. కొత్త రంగులు వేయించారా, లేదు. పురుగుల మందు కొట్టారా, లేదు. తెర అవతల అక్క ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది, యంత్రం ఏదో ఆగకుండా కూస్తోంది. ఈ రోజు ఏం తిన్నారు, ఏం వండారు అని అడిగిందావిడ. బావగారు తనకీ జ్వరం పెరిగి పళ్ళు కొట్టుకుంటున్నా హాస్యమాడే అలవాటు మానలేదు.

"మా ఆవిడ ఇవాళ రాయి వండింది డాక్టర్. నేనింకా రుచి చూడలేదు."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఏ రాయి?" అంది.

బావగారు చెప్పారు. ఆవిడ బయటికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసింది, తిరిగొచ్చేటప్పుడు నడవలేదు, పరుగెత్తింది. ఆ బొత్తాల్లో కొన్ని జాతుల ఒంట్లో విషముంటుందట. నీళ్ళలో వాటి మానాన వాటిని వదిలేస్తే ఏమీ చేయవు. గీరినా, మరిగించినా అది బయటపడుతుంది, ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మరిగితే చచ్చే విషం కాదట అది. విరుగుడు లేదు, ఆక్సిజన్ పెట్టి కాచుకోవడమే అన్నారు. ఆ రాత్రికి మా ఇంటికి తాళం పడింది. మరునాడు ప్రసాదం గిన్నెలతో వచ్చినవాళ్ళు ఎవరూ లోపలికి పోకుండా అధికారులు గుమ్మానికి కట్టిన పసుపురంగు టేపు చూసి, మంచులో నిలబడి ఏమైందని ఒకరినొకరు అడిగారట.

బావగారు త్వరగానే తేరుకున్నారు, అక్క బతికింది. బావగారు హాస్యం ఆడకపోతే ఏమయ్యేదో నేను ఎప్పుడూ ఆలోచించి పూర్తి చేయలేదు. అక్క మాత్రం ఆ తర్వాత జీవితమంతా మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగేది. ఎవరైనా చూస్తే గోడ మీద ఫొటో సరిచేస్తున్నట్టు నటించేది. మొన్న చలికాలంలో న్యుమోనియాతో పోయింది. ఆ రాయికీ ఈ చావుకీ ముడి ఉందని ఏ డాక్టరూ అనలేదు, నేనూ అనను. కాని చివరి వారం తన భుజాలు లేచిన తీరు నాకు ముందే తెలుసు.

రక్షణ దుస్తులేసుకున్న మనుషులొచ్చి బొట్టుబిళ్ళల రాళ్ళన్నీ పట్టుకుపోయారు. చేపల్ని మాత్రం అక్క వదల్లేదు. ఖాళీ గాజుతొట్టి, ఇసుక, ఒక్క బోసి రాయి, రెండు చేపలు. ఆ చేపలు ఇంకా చాలా ఏళ్ళు బతికాయి, తొట్టి అంతటా తిరిగాయి. అంత అందంగా అది అంతకు ముందెప్పుడూ లేదు. ఇంటికొచ్చినవాళ్ళెవరూ దాని ముందు ఆగేవాళ్ళు కాదు.

ఆదివారం ఇదంతా అమ్మాయికి చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నది. "అత్త నాకెప్పుడూ చెప్పలేదు," అంది. తర్వాత, అవి ఏ జాతో కనుక్కుంటాననీ, క్లీనింగ్‌కి ఒక మనిషి వస్తాడనీ, తను చేయి కూడా పెట్టననీ చెప్పింది. నిజమే. ఈ కాలం పిల్లలు ఏది కొన్నా ముందు చదువుతారు, తెలియనిది మరొకరికి అప్పజెబుతారు. తల్లి నేర్పిందని దేన్నీ మరిగించరు. అది మంచిదే. ఆ కాచిన నీళ్ళ చప్పటి రుచి ఎలా ఉంటుందో మాత్రం ఇక వాళ్ళకి తెలియదు.

కాల్ పెట్టేసే ముందు అమ్మాయి తొట్టి మూత కొంచెం ఎత్తి, లోపలికి వంగింది. "బీచ్ స్మెల్ వస్తుంది నాన్నా. సో నైస్!"

ఊరికే వాసన చూస్తే ఏమీ కాదని నాకు తెలుసు. అయినా వెనక్కి జరగమ్మా అన్నాను. నా గొంతు ఎలా వినిపించిందో, వెంటనే జరిగింది. ఇక్కడికి సముద్రం కారులో రెండు గంటల పైనే. అక్క కర్మలయ్యాక ఒకసారి ఒక్కణ్ణే వెళ్ళాను. గాలి ముఖానికి తగలగానే, భీమిలి గుర్తొచ్చే లోపలే, నేను ఊపిరి బిగబట్టాను.