కింద సదస్సు, పైన గజ్జెలు

మూడూ ఒకే రోజున పెట్టొద్దని నేను ముందే చెప్పాను. కమిటీ కూర్చున్న ప్రతిసారీ చెప్పాను. నాట్యానికి ఒక రోజు, చిత్రాల ప్రదర్శనకు ఒక రోజు, సాహిత్య సదస్సుకు ఒక రోజు ఇస్తే ఎవరి పని వాళ్లు నిమ్మళంగా చేసుకుంటారన్నాను. మా సాంస్కృతిక కేంద్రం అధ్యక్షులు ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారి. మనిషి మంచివారే. కానీ ఆయన లెక్కలో ఏ కళకైనా ముఖ్య అతిథి తర్వాతే మిగతావన్నీ.

"మూడు రోజులు పెడితే ఆ పెద్దమనిషిని మూడుసార్లు పిలవాల. ఒక్కపాలి వస్తారంటేనే గొప్ప. అన్నీ ఒకే రోజు పెట్టేయండి మేడమ్. ఒక్కపాలే సూసేసి ఎల్తారు," అన్నారు.

తెలుగు లెక్చరర్‌ని కాబట్టి ఉత్తరాలు బాగా రాస్తానని నన్ను కార్యదర్శిని చేశారు. ఉత్తరాలు రాయడం అందులో అతి చిన్న పని అని తర్వాత తెలిసింది. కుర్చీలు తెప్పించడం, మైకు అతన్ని బతిమాలడం, ఫ్లెక్సీ మీద పోయిన ఒత్తులు మళ్లీ పెట్టించడం, అన్నీ నావే. అందుకని ఎప్పటిలాగే "సరేనండీ" అన్నాను.

శ్రీకాకుళంలో మా కేంద్రం నడుస్తున్నది ఒకప్పటి గోదాములో. కింద ఒకటే పెద్ద హాలు. పైన చెక్కబల్లలు పరిచిన అంతస్తు. ఆ పై అంతస్తులో మా వదిన, అంటే మా ఆయన అక్క, ఆడపిల్లలకు కూచిపూడి నేర్పుతుంది. ఆ సాయంత్రం పెరట్లో వేసిన స్టేజీ మీద వాళ్ల ప్రదర్శన. కింద హాలులో పొద్దుటినుంచి మా ప్రాంతపు పల్లె పాటల మీద సదస్సు. చిత్రాలకు వేరే చోటు లేదు కాబట్టి అదే హాలు గోడలకు తగిలించాలి. జనం పాటల గురించి వింటూ చిత్రాలు చూస్తారని అధ్యక్షుల ఆలోచన.

చిత్రకారులు బొబ్బిలి నుంచి పొద్దున్నే ట్రాలీ ఆటోలో చిత్రాలు వేసుకుని దిగారు. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. తలుపు చెక్క ఎక్కడ ఒరుసుకుంటుందోనని ఒక్కొక్క ఫ్రేమునూ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని లోపలికి తెచ్చారు. భావనపాడు ఒడ్డున ఎండబెట్టిన చేపలు, పనసచెక్క తొలిచి వీణ చేస్తున్న పనివాడు, వాన వెలిసిన స్టేషను ప్లాట్‌ఫారం. నిజంగా బాగున్నాయి. మేకులు కొట్టి, తాళ్లు కట్టి, దూరం నుంచి ఒక కన్ను మూసి చూసుకుని, మళ్లీ దగ్గరికి వెళ్లి వెంట్రుకవాసి సర్దారు.

సదస్సు మొదలైంది. విశాఖపట్నం నుంచి వచ్చిన ఆచార్యులు గారు కీలకోపన్యాసం అందుకున్నారు. పల్లె పాటకు లయ ఎక్కడినుంచి వచ్చిందని ఆయన అడిగారో లేదో పైన కర్ర తాళం మొదలైంది. ఆ వెంటనే పాదాలు. పిల్లలందరూ ఒక్కసారే అడుగు వేసేసరికి సీలింగు ఫ్యాన్లు ఊగాయి, పైనుంచి సన్నగా దుమ్ము రాలింది, గోడ మీద చేపల చిత్రం మెల్లగా ఎడమ పక్కకు ఒరిగింది.

మాస్టారు లేచి వెళ్లి దాన్ని నిలబెట్టారు. వచ్చి కూర్చునేలోగా స్టేషను ఒరిగింది. మళ్లీ లేచారు. ఇక ఆయన కూర్చోలేదు. గోడ వెంబడి అటు చివర నుంచి ఇటు చివరకు తిరుగుతూనే ఉన్నారు. వేదిక వెనక గోడకూ చిత్రాలున్నాయి కాబట్టి ఆచార్యులు గారి వీపు వెనక నుంచి కూడా రెండుసార్లు వంగి వంగి వెళ్లారు. సభికుల చూపులన్నీ మాస్టారి వెంటే తిరిగాయి. ఏది ఒరుగుతుందా అని ముందు వరసలో ఇద్దరు చెవులు కొరుక్కుంటున్నారు.

"కార్యదర్శి గారూ, పైన జరుగుతున్నదేమిటి?" అని ఆచార్యులు గారు మైకులోనే అడిగారు.

నేను మేడ మెట్లు ఎక్కాను. వదిన స్టూలు మీద కూర్చుని కర్రతో తాళం వేస్తోంది. నన్ను చూసి కూడా ఆపలేదు. జతి పూర్తయ్యేదాకా నిలబెట్టి, అప్పుడు తలెత్తింది.

"వదినా, కింద సభ నడుస్తోంది. కాస్త మెల్లిగా ఆడించండి."

"మెల్లిగా అంటే ఏటి?"

"అడుగు గట్టిగా పడకుండా."

"అడుగు పడకండా ఆడితే దాన్ని ఏటంటారో నువ్వే సెప్పు. సదువుకున్నదానివి కదా."

"నిన్ననే చేసుకుని ఉండాల్సింది."

"నిన్న గుంటలకి బళ్లో పరీచ్చ. ఇయ్యాలే సెలవు. సాయంత్రం తప్పు పడితే జనం నీ సదస్సు గురించి సెప్పుకోరు, నా గుంటల గురించే సెప్పుకుంటారు. పెరట్లో ఆడిద్దామంటే టెంటు వాళ్లు గుంజలు పాతతన్నారు. నన్నెక్కడికి ఎల్లమంటావు?"

ఎవరినీ ఎక్కడికీ వెళ్లమనే అధికారం నాకు లేదు. అధ్యక్షులకు ఫోన్ చేస్తే ముఖ్య అతిథి కోసం పూలదండ తీసుకుంటున్నానని పెట్టేశారు. చివరికి వదినే మెత్తబడి పిల్లలను కూర్చోబెట్టి, చేతులూ కళ్లూ మాత్రమే ఆడించే ఘట్టం పట్టింది. నేను కిందికి వచ్చేసరికి హాలు నిశ్శబ్దంగా ఉంది. చిత్రాలన్నీ నిటారుగా ఉన్నాయి. మాస్టారు చొక్కా కాలరు వెనక్కి లాక్కుని మొదటిసారి ఫ్యాను కింద కూర్చున్నారు. ఆచార్యులు గారు లయ దగ్గరికి మళ్లీ వచ్చారు.

ఆ ప్రశాంతత టీ వచ్చేదాకా నిలిచింది. కప్పులు పంచుతుండగా పైన మళ్లీ మొదలైంది. ఈసారి వేగం పెరిగింది. గజ్జెలు కూడా కట్టినట్టున్నారు. నేను మెట్లు సగం ఎక్కానో లేదో కింద గాజు పగిలిన చప్పుడు. వీణ చేసే పనివాడి చిత్రం మేకుతో సహా ఊడి నేలమీద పడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. చిత్రం కూడా చిరగలేదు. అద్దం మాత్రం ముక్కలైంది. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు ఏరుతున్నారు. నేనూ కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు ఒగ్గీ అమ్మా. గుచ్చుకుంటాది," అన్నారు. ఆ మాట నెమ్మదిగానే అన్నారు. ఆ తర్వాత లేచి నిలబడి ఒక్కొక్క చిత్రాన్నీ గోడ మీంచి దించడం మొదలుపెట్టారు.

"మాస్టారూ, దయచేసి."

"మీ గోడకి నా బొమ్మ తగిలించను. ఆటో పిలుస్తాను, ఎల్లిపోతాను."

ఆటో అతను ఎటో బేరానికి వెళ్లాడట, సాయంత్రానికి గాని రానన్నాడు. దించిన చిత్రాలు పెట్టడానికి చోటు లేదు. నేల నిండా దుమ్ము, గాజు రవ్వలు. ఇంతలో ఏమైందంటే, టీ తాగడానికి లేచిన సభికులు కప్పులు పట్టుకుని అలాగే మేడ మెట్లెక్కి పైన పిల్లల నాట్యం చూస్తూ నిలబడిపోయారు. ఆచార్యులు గారికి రైలు టైమైందని ఆయన్ను స్టేషనుకు తీసుకెళ్లారు. కుర్చీలన్నీ ఖాళీ. మాస్టారు ఒకసారి అటూ ఇటూ చూసి, చేపల చిత్రాన్ని మొదటి వరస కుర్చీలో పెట్టి వీపుకు ఆనించారు. పక్క కుర్చీలో స్టేషను. అలా వరసలన్నీ నింపేశారు. కుర్చీ ఊగినా బొమ్మ పడిపోదు కదా అన్నారు.

నా పత్రం మిగిలింది. వరి ఊడుపుల్లో ఆడవాళ్లు పాడే పాటల మీద రాశాను. సెలవుల్లో ఊళ్లు తిరిగి, గట్ల మీద కూర్చుని, ఫోనులో రికార్డు చేసుకుని, వాళ్లు నవ్వుతుంటే నేనూ నవ్వి, సంపాదించిన పాటలవి. వాటిని చదవకుండా ఇంటికి వెళ్లడానికి నా మనసు ఒప్పుకోలేదు. మైకు ముందు నిలబడ్డాను. ఎదురుగా చిత్రాలు, చివర కుర్చీలో మాస్టారు, గుమ్మం దగ్గర మైకు అతను. పైన గజ్జెలు. నేను గొంతు పెంచి చదివాను.

సగంలో ఉండగా కారు ఆగింది. అధ్యక్షులు ముఖ్య అతిథిని వెంటబెట్టుకుని లోపలికి వచ్చారు. మనుషులుండాల్సిన కుర్చీల్లో బొమ్మలు చూసి అధ్యక్షుల ముఖం పాలిపోయింది. అతిథి మాత్రం ఆగి, వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్కటీ వంగి చూశారు.

"ఇదేదో కొత్త పద్ధతిలా ఉందే. బొమ్మలే సభికులన్నమాట," అన్నారు.

"అవునండీ, మా కమిటీ ఆలోచనేనండీ. ఈ మధ్య పెద్ద ఊళ్లలో ఇలాగే పెడతన్నారు," అన్నారు అధ్యక్షులు, కన్నార్పకుండా.

మాస్టారు నా వైపు చూశారు. నేను నా కాగితాల వైపు చూశాను. అధ్యక్షులు వేదిక మీదికి వచ్చి నా చెవి దగ్గర, "మేడమ్, మిగతాది సదస్సు పుస్తకంలో ఏయిద్దాం," అని చెప్పి మైకు తీసుకున్నారు. దండలు, శాలువాలు, ఫొటోలు అయ్యాయి. పై నుంచి జనం దిగివచ్చి గోడల పక్కన నిలబడ్డారు. అధ్యక్షులు కళల ఐక్యత గురించి చాలాసేపు మాట్లాడారు. అతిథి నాట్యం చూడకుండానే, వేరే ఊళ్లో పనుందని వెళ్లిపోయారు.

హాలు ఖాళీ అయ్యాక నేను గాజు రవ్వలు తుడుస్తున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. బాధతో కాదు, ఒళ్లు మండి. మాస్టారు చిత్రాలకు గుడ్డలు చుట్టుకుంటూ, "అమ్మా, ఇందాక సదివింది సగంలో ఆగిపోనాది. తరవాతేటి?" అన్నారు.

వెక్కిరిస్తున్నారేమో అనుకున్నాను. కాదు. నిజంగానే చేతిలో పని ఆపి చూస్తున్నారు. అప్పుడే వదిన అన్నం పొట్లం తెరుస్తూ వచ్చి ఒక కుర్చీలో చతికిలబడింది. చీపురు పక్కన పెట్టి మిగతా పత్రం చదివాను. చివరి పాట దగ్గరికి వచ్చేసరికి వదిన నోట్లో ముద్ద మింగి, "వరస అది కాదు. మా అమ్మ ఇలాగ పాడేది," అని అందుకుంది. రెండో చరణంలో మాస్టారు ఆపారు. బొబ్బిలి వైపు ఇంకోలాగ పాడతారట. తాను పాడి వినిపించారు. ఆయనకు శ్రుతి లేదు.

"అది ఊడుపు పాటేటి? ఎవరో మూలుగుతన్నట్టుంది," అంది వదిన.

"మీ గుంటలు నా అద్దం పగలగొట్టేరు, ఇప్పుడు నా పాటనీ పగలగొడతారేటి?"

"మేకు సరిగ్గా కొట్టుకోవాల."

అరగంట వాదించుకున్నారు. నా పత్రం గురించి ఆ రోజు జరిగిన చర్చ అదొక్కటే. ఫోను తీసి ఇద్దరి వరసలూ రికార్డు చేసుకున్నాను. వాళ్లు నన్ను పట్టించుకోలేదు.

సాయంత్రం పిల్లలు బాగా ఆడారు. ఒక్క అడుగు తప్పలేదు. చప్పట్లు కొట్టకూడదని కూర్చున్నాను, కొట్టాను. మాస్టారి ఆటో వచ్చి చాలాసేపు రోడ్డు మీద హారన్ కొట్టింది. ఆయన నాట్యం అయ్యేదాకా లేవలేదు.

మర్నాడు పొద్దున్నే అధ్యక్షులు ఫోన్ చేశారు. వచ్చే ఏడు కూడా ఒకే రోజు, కుర్చీల్లో బొమ్మలు పెట్టే పద్ధతిలోనే చేద్దామన్నారు. అతిథికి అది బాగా నచ్చిందట. సదస్సు ఉన్న రోజు పైన నాట్యం ఆపితేనే నేను కార్యదర్శిగా ఉంటానని చెప్పాను. ఆ మాట మధ్యాహ్నానికల్లా వదిన చెవిన పడింది. వారం దాకా నాతో మాట్లాడలేదు.