గోడమీది మూడు సుద్దగీతలు

చేతికి అనుమానం వచ్చినా రాకపోయినా తక్కెడను అడగాలన్నది, ఉదయగిరిలో తుపాకులు బాగుచేసే పీర్ సాహెబ్ నియమం. ముప్పై ఏళ్లలో ఆయన దాన్ని ఒక్కసారే తప్పాడు.

1978 కార్తీకంలో సీతారామపురం రైతు కొండయ్య, వేరుశనగ చేలో పడ్డ అడవిపంది మీద పెద్దగుండ్ల తూటా పేల్చాడు. తుపాకి వెనక్కి తన్ని అతని భుజపుటెముక చిట్లింది. పెద్దగుండ్లు అంతే తంతాయన్నారు కొందరు. బక్కోడికి తుపాకేందిరా అని నవ్వారు మరికొందరు. కొండయ్య తుపాకిని పరీక్షించమని పీర్ సాహెబ్ దగ్గర వదిలి, ఆత్మకూరులో లైసెన్సు తిరిగిచ్చేయడానికి దరఖాస్తు రాయించుకున్నాడు.

తుపాకిలో లోపమేమీ లేదు. పీర్ సాహెబ్ దాన్ని పెరటి సావిడి దూలానికి రెండు తాళ్లతో ఉయ్యాలలా కట్టాడు. ఎదుట ఇసుక బస్తాలు పేర్చాడు. చెక్క పిడికి సుద్దముక్క బిగించి, దూరం నుంచి దారంతో మీట లాగాడు. తుపాకి వెనక్కి ఊగిన మేర పక్కగోడ మీద గీత పడింది. గీత మీద గీత పడకుండా, తూటా మార్చినప్పుడల్లా సుద్దను కాస్త కిందికి జరిపాడు.

కంపెనీ చిన్నగుండ్ల తూటాకు ఆరంగుళాలు. కంపెనీ పెద్దగుండ్ల తూటాకూ ఆరే. గుండు పరిమాణం ఏదైనా, మొత్తం సీసం ముప్పై రెండు గ్రాములే గదా. కొండయ్య పేల్చిన రకం తూటాకు మాత్రం ఏడుంబావు.

ఆ తూటాను నింపింది ఆయనే. సీసపు గుండ్లు కొలిచే పాత గిన్నె అరిగిపోతే ఇత్తడి గొట్టంతో కొత్తది కోశాడు. చేతి మీది నమ్మకంతో తూచలేదు. ఇప్పుడు ఆ గిన్నెడు సీసం తూచాడు. నలభై అయిదు గ్రాములు.

"ఎవరూ అడగలేదు గదా, ఊరకుండరాదా?" అంది భార్య మదార్‌బీ.

"గోడ మీద ఉండాది గదా," అన్నాడాయన.

మరునాడు బస్సెక్కి కొండయ్య ఇంటికి పోయి, కొత్త గిన్నెను మంచం మీద పెట్టి, జరిగింది చెప్పాడు. కొండయ్య కట్టుకట్టిన భుజం వైపు చూసుకున్నాడు.

"అంటే నా భుజంలో సత్తువ లేక కాదన్నమాట."

"కాదు. తప్పు నాది."

కొండయ్య ఎడమచేత్తో జేబులోని దరఖాస్తు తీసి, పళ్లతో ఒక కొస పట్టుకుని చింపాడు. "లైసెన్సు ఉంచుకుంటా. నీ తూటా మాత్రం ఇంక ముట్టను, సాయిబూ."

"ముట్టొద్దని చెప్పిపోదామనే వచ్చినాను."

ఆ తర్వాత బతికిన ఎనిమిదేళ్లూ పీర్ సాహెబ్ తుపాకులు బాగుచేశాడు గాని, తూటా నింపలేదు. ఏటా గోడకు సున్నం కొట్టించేవాడు. ఆ మూడు గీతలున్న మూరెడు మేర మాత్రం వదిలేయమనేవాడు.