కళ్లం మీద నేర్చిన ఆట

మా అపార్ట్‌మెంటు వెనక నీలం రంగు వేసిన సిమెంటు టెన్నిస్ కోర్టు ఉంది. ఆదివారం పొద్దున శిక్షణకొచ్చే పిల్లల కోసం కోచ్ కొత్త బంతుల డబ్బా మూత లాగగానే బుస్సుమని గాలి వస్తుంది. దాని వెంట పచ్చి రబ్బరు వాసన రావాలి. మూడో అంతస్తు బాల్కనీలో కాఫీ తాగుతున్న నాకు అంత దూరం నుంచి ఏ వాసనా తగలదు. కానీ ఆ బుస్సుమనే చప్పుడు వినపడితే చాలు, ఎండు మిరపకాయల ఘాటు, పేడతో అలికిన నేల తడి వాసన, చేపల వల నీచు, మూడూ కలిసి ముక్కులోకి వస్తాయి.

ఆ మూడు వాసనలూ ఒక్కచోట ఉన్న కోర్టు ఎలా ఉండేదో ముందు చెబుతాను. ఒక మిరప కళ్లం. దానికి అటూ ఇటూ పాతిన సరుగుడు గుంజలు రెండు. వాటికి కట్టిన పాత చేపల వల ఒకటి, వాడరేవులో ఒక పడవ మనిషిని బతిమాలి పెదనాన్న తెచ్చింది. నాయనమ్మ ముగ్గుపిండితో వేసిన గీతలు. గుంటూరు క్లబ్బులో ఆడి పక్కన పడేసిన బంతులు, నూగు రాలి బోడిగుండ్లలా ఉండేవి. రాకెట్లు రెండు, చెక్కది నాకు, అల్యూమినియంది శైలక్కకు. చూడటానికి, కొట్టాంలో కట్టేసిన గేదెలు. మనుషులం నలుగురం: పెదనాన్న వీరయ్య, ఆయన ఒక్కగానొక్క కూతురు శైలజ అంటే మా శైలక్క, నాయనమ్మ, నేను.

కళ్లమంటే తెలియనివాళ్లకు చెప్పాలి. మా ప్రత్తిపాడు వైపు నల్లరేగడి చేలలో మిరపకాయలు కోశాక ఎండబెట్టడానికి ప్రతి రైతూ చేలోనో ఊరి చివర ఖాళీ స్థలంలోనో కొంత నేల చదును చేసుకునేవాడు. గడ్డి చెక్కి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో గట్టిగా మొత్తి, ఆరాక పేడ కలిపిన నీళ్లతో అలికితే నేల చాపలా అయ్యేది, కాయకు మట్టి అంటేది కాదు. పెదనాన్న కళ్లం అందరి కళ్లాల కంటే పొడుగ్గా, సమంగా ఉండేది. చదువుకునే రోజుల్లో ఆయన గుంటూరులో ఒక క్లబ్బు గోడ పక్కన గదిలో ఉన్నాడు. సాయంత్రం ఆఫీసర్లు ఆడి వెళ్లిపోయాక, అక్కడ సభ్యులకు బంతులేసి ఆడించే మార్కర్‌తో ఆడేవాడు. ఆ క్లబ్బులోవి మట్టి కోర్టులు, వాటినీ పేడతోనే అలికేవారు. అందుకే టెన్నిస్ అంటే అలికిన నేల మీద ఆడే ఆట అన్నదే ఆయన లెక్క. డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం రాక వ్యవసాయానికి తిరిగొచ్చి, కళ్లం వేసే రోజున తాడు పట్టుకుని కోర్టు కొలతలు కొలిచాడట. అప్పటికి శైలక్క ఇంకా పుట్టలేదు.

తొంభైల చివరి ఏళ్లలో నాకు ఊహ బాగా తెలిసేసరికి ఆ కోర్టు మా ఇంటి దినచర్యలో భాగమైపోయింది. వానలు వెనకబట్టి నేల ఆరిందంటే, అంటే దసరా ముందు, నాయనమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి తట్టలో పేడ కలుపుకుని కూర్చునేది, ఒక మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ మొత్తం అలికేది. అది ఆరే దాకా కోళ్లను తోలడం మా పని. అట్లతద్ది నాడు తెల్లవారుజామున ఊళ్లో ఆడపిల్లలంతా గోంగూర పచ్చడి, గడ్డపెరుగు వేసుకుని చద్దన్నం తిని ఉయ్యాలలు ఎక్కితే, శైలక్క అరచేతుల గోరింటాకు ఇంకా పూర్తిగా రాలకుండానే రాకెట్టు పట్టుకుని కళ్లం మీదకొచ్చేది. దారిన పోయే వాళ్లు ఊరుకునేవారు కాదు.

"ఏందే శైలూ, పుల్కాలు కాల్చే పెనం పట్టుకొచ్చినావా?"

"కాదు బాబాయ్, దోమల్ని కొట్టేది. నీ మొహం మీద వాలింది, ఉండు," అనేది.

ఆమె ఆట గురించి ఇప్పుడు, ఇంజనీరింగు చదివి పదేళ్లకు పైగా యంత్రాల దగ్గర పనిచేశాక, నాకు కాస్త వివరంగా చెప్పడం చేతనవుతుంది. బంతి మోకాలి దగ్గరుండగానే ఆమె రాకెట్టు కిందికి వచ్చి, నేలను గీకుతున్నట్టు జారి, బంతిని వల మీదుగా ఇంచీ రెండించీల ఎత్తున పంపేది. అది అవతల పడి పైకి లేచేది కాదు, పాములా పారిపోయేది. నేను వంగేలోపే వెనక గడ్డివాము దగ్గరుండేది. గుంటూరు క్లబ్బులో పిల్లల పోటీలు పెట్టినప్పుడు, పన్నెండేళ్లప్పటి నుంచీ ఆమె తన వయసు ఆడపిల్లలనే కాదు, ఒకటి రెండేళ్లు పెద్దవాళ్లయిన మగపిల్లలను కూడా ఓడించింది. ఒకసారి సాధనకని మా బంతులే తీసుకెళ్తే ఒక డాక్టరుగారబ్బాయి చెమట తుడుచుకోబోయి కళ్లు నలుపుకుని గెంతులు వేశాడు.

"ఇదేం బాలండీ, కళ్లు మండిపోతున్నాయి!"

"మా కళ్లంలో బంతి బాబూ. మంట లేకపోతే మాకు నిద్ర పట్టదు," అన్నాడు పెదనాన్న.

శైలక్కకు పదమూడు నిండాక, ఆ క్లబ్బులోనే ఒక రిటైరైన పెద్దమనిషి కబురు చెప్పాడు. హైదరాబాదులో ఒక అకాడమీవాళ్లు ఏప్రిల్ నెలాఖరులో పరీక్ష పెట్టి ఇద్దరు ఆడపిల్లలను తీసుకుంటారు. తిండి, చదువు, శిక్షణ, పోటీలకు తిప్పడం అన్నీ వాళ్లే చూస్తారు. పద్నాలుగు దాటినవాళ్లు పనికిరారు. అంటే శైలక్కకు అదే మొదటి అవకాశం, అదే చివరిది. ఆ ఆటలో పద్నాలుగేళ్లకు సరైన చోట పడినవాళ్లే పదహారుకు దేశం దాటి జూనియర్ పోటీలకు వెళతారని, పద్దెనిమిదికి డబ్బులొచ్చే ఆటలోకి దిగుతారని, అందులోనూ నిలిచేది ఏ కొద్దిమందోనని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మా ఇంట్లో అందరికీ తెలిసింది ఒక్కటే, ఏప్రిల్.

ఏప్రిల్ అంటే మాకు మిరపకాయలు. ఫిబ్రవరి నుంచే కళ్లం నిండా ఎర్రగా కాయలు పరుచుకుని, వల ఊడదీసి, గుంజలు పక్కన పడేసి ఉండేవి. ఏటా ఆ మూడు నెలలూ ఆట బందు. ఆ ఏడాది బందు పెట్టడం కుదరదు కాబట్టి పెదనాన్న చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు చూసుకునే స్నేహితుణ్ణి అడిగాడు. పత్తి రాక తగ్గి మిల్లు ఆవరణలో సిమెంటు చేసిన మేర సగం ఖాళీగా ఉంది. మార్చి చివర్లో సాయంత్రాలు ఊడదీసిన వల చుట్టి పట్టుకుని ముగ్గురం బస్సెక్కి అక్కడికి పోయేవాళ్లం. గాలికి దూది పింజలు ఎగిరి వలకు అంటుకునేవి. లారీలవాళ్లు బీడీలు కాల్చుకుంటూ చూసేవాళ్లు.

మొదటి రోజే తేడా తెలిసింది. బంతి మోకాలి దగ్గర ఆగలేదు. నేల తగలగానే భుజం దాకా లేచింది. శైలక్క రాకెట్టు అలవాటుగా కిందికి పోయేది, బంతి పైనుంచి పోయేది. తగిలినవి మిల్లు గోడ దాటి దూది బేళ్ల మీద పడేవి. రోజూ ఇంటికొచ్చే ముందు పెదనాన్న ఇరవై బంతులు విడిగా, ఒకదాని తర్వాత ఒకటి వేసి కొట్టమనేవాడు. అవతల నిలబడి ఏరుకొచ్చేది నేనే. బయటపడ్డ ప్రతి బంతికీ ఆయన నాలుక చప్పరించేవాడు. కళ్లం మీద ఇరవైకి ఇరవై లోపల పడటం చూసిన మనిషికి అది కంటికి ఆనలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం బస్సులో ఆయన తేల్చి చెప్పాడు.

"ఈ సిమెంటు మీద పిల్ల చెయ్యి పాడైపోతంది. రేపటి నించి కళ్లంలోనే."

"కళ్లంలో కాయలుండయ్ గదా నాన్నా," అంది శైలక్క.

"ఎత్తేద్దాం."

ఎత్తేశాడు. రెండో కోత కాయ అది, సగమే ఎండింది, పట్టుకుంటే ఇంకా మెత్తగా ఉంది. కూలీలు వద్దన్నారు. నాయనమ్మ గుమ్మంలో నిలబడి, "ఒరేయ్ వీరయ్యా, పచ్చి మీద కుప్పేస్తే ఉడికిపోద్దిరా, తెల్లబారిన తాలు కాయే మిగులుద్ది," అని అరిచింది. ఆయన విననట్టే ఉండి కాయంతా ఒక మూలకు కుప్ప పోయించి పైన పట్టా కప్పించాడు. అంతా అయ్యాక నాయనమ్మే పేడతట్ట తీసుకుని కూర్చుంది. ఆ ఏడు అలికినట్టు నేనెప్పుడూ చూడలేదు. మనవరాలి పరీక్ష కోసమని రెండు పూతలు పూసింది. నేల అద్దంలా తయారయింది. మేమంతా దాన్ని ఎంత నున్నగా చేస్తే బంతి అంత తక్కువ లేచేది. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

అలుకు ఆరగానే శైలక్క రాకెట్టు పట్టుకుని దిగింది. ఆ మూడు వారాలూ ఆడినంత బాగా ఆడటం నేను మళ్లీ చూడలేదు. ఇరవైకి ఇరవై. పెదనాన్న మొహం వెలిగిపోయేది. బయల్దేరే ముందు రోజు పెద్దమ్మ పూర్ణాలు వండింది. నాయనమ్మ దిష్టి తీసింది.

హైదరాబాదులో కోర్టులు సిమెంటువి, పచ్చరంగువి. చుట్టూ తెల్ల లాగుల పిల్లలు, మడత కుర్చీల్లో తల్లులు. అవతలి అమ్మాయి శైలక్క కంటే పొట్టిది, నెమ్మదైనది కూడా. ఆమె కొట్టిన మామూలు బంతి కూడా శైలక్క భుజం దగ్గరకు లేచి నిలబడేది. మొదటి సెట్టు సగంలో శైలక్క ఒకసారి పై ఎత్తున అందుకుని బ్రహ్మాండంగా కొట్టింది. ఒక్క క్షణం ఆమె మొహంలో ఏదో గుర్తొచ్చినట్టు కనపడింది. తర్వాత మళ్లీ చెయ్యి కిందికి పోయింది. రెండు సెట్లూ త్వరగానే అయిపోయాయి.

అకాడమీ కోచ్ మర్యాదస్తుడు. పెదనాన్నను పక్కకు పిలిచి మాట్లాడాడు. నేను నీళ్ల సీసా పట్టుకుని అక్కడే ఉన్నాను.

"చెయ్యి చాలా మంచిదండి, ఇలాంటిది అరుదు. కానీ బంతి కింద ఉంటేనే కొడుతోంది. ఇప్పుడు ఎక్కడ ఆడినా సిమెంటే. మార్చాలంటే రెండేళ్లు పడుతుంది, నాకంత టైము లేదు. మీ దగ్గర్లో సిమెంటు నేల ఎక్కడా దొరకలేదా? నెలరోజులు ఆడి వచ్చినా నేను ఆలోచించేవాణ్ణి."

పెదనాన్న కోర్టు వైపు చూశాడు.

"లేదండి," అన్నాడు.

తిరుగు బస్సు నల్గొండ దాటింది. పెదనాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన చేతిలో టిక్కెట్టు మడతలు పడి పడి చిరిగిపోవడం నాకు కనపడింది. శైలక్క కూడా చూసినట్టుంది.

"నాన్నా, నాకు సిమెంటు అసలు పడదు. మిల్లులో ఇంకో ఆర్నెల్లు ఆడినా అంతే, నాకు తెలుసు. నువ్వు మంచిపనే చేశావు," అంది.

ఆయన తల తిప్పి చాలాసేపు ఆమె వైపు చూశాడు. తర్వాత బుట్టలో ఉన్న అరటిపళ్లు తీసి ఇద్దరికీ ఇచ్చాడు.

ఇంటికొచ్చి పట్టా తీస్తే కాయ సగం తెల్లబారిపోయి ఉంది. నాయనమ్మ తట్ట తెచ్చుకుని తాలు ఏరడానికి కూర్చుంది. మరుసటి ఏడాది కళ్లం వేశారు గానీ వల కట్టలేదు. అది పొట్లపాదుకు పందిరయింది. శైలక్క డిగ్రీ చదివింది, పెళ్లి చేసుకుంది, ఇప్పుడు చిలకలూరిపేటలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆడపిల్లలకు కబడ్డీ పోటీలుంటే వెంట వెళుతుంది. టెన్నిస్ టీవీలో వస్తుంటే చూడదు, ఛానెల్ మార్చదు కూడా, లేచి వంటింట్లోకి పోతుంది. నాయనమ్మ ఎప్పుడో పోయింది. పెదనాన్న పోయిన ఏడు పోయాడు. ఉన్నన్నాళ్లూ ఎవరడిగినా, "మా అమ్మాయికి సిమెంటు పడలేదండి, లేకపోతేనా," అని చెప్పేవాడు. చెప్పి తేలిగ్గా నవ్వేవాడు.

మొన్న వేసవిలో ఊరికి వెళితే అలికిన కళ్లం ఒక్కటి కనపడలేదు. కాయలు రోడ్డు పక్కనే ప్లాస్టిక్ పట్టాల మీద ఆరుతున్నాయి. అలకడం చేతనైనవాళ్లు లేరు, పేడకు ఇళ్లల్లో పశువులూ లేవు. జిన్నింగు మిల్లు పడగొట్టి ప్లాట్లు వేశారు. శైలక్క స్కూటీ మీద నన్ను బస్టాండుకు తీసుకెళుతూ హైవే పక్కన చెరుకురసం బండి దగ్గర ఆపింది. మాటల్లో నేను, ఆ కోచ్ అన్న నెలరోజుల సంగతి తెచ్చి, నిజంగానే నీకు సిమెంటు పడేది కాదా అని అడిగాను.

ఆమె గ్లాసులో ఐసు తిప్పింది.

"నువ్వేగా ఏరింది చిన్నోడా. గుర్తులేదా?"

బయటపడ్డవే గుర్తున్నాయని చెప్పాను.

"అందరికీ అంతే," అంది. "నేను లెక్కపెట్టుకున్నాలే."

మిల్లులో మొదటి సాయంత్రం ఇరవై బంతులకు లోపల పడ్డవి రెండు. ఆఖరి సాయంత్రం పద్నాలుగు.