ఏనుగు కింద చేప

“మూత సరిగ్గా బిగించానా? పాప పాక్కుంటూ వచ్చి ముట్టుకుంటే వేళ్లుంటాయా?”

పొద్దుటినుంచి నాలుగోసారి నన్ను నేనే అడుగుతున్నాను. రసాయనశాస్త్రం చదివి ప్రయోగశాలలో పనిచేసేవాడికి ఏ సీసా ఏం చేయగలదో తెలుసు. తొమ్మిది నెలల కూతురున్న ఇంట్లో ఆ తెలివి వరమేమీ కాదు. అయినా ఇంట్లోనే ఆమ్లం కలిపి సీసాలో పోశాను, కింది వాటాలో ఉండే భూతద్దం పిన్ని అడిగింది కనుక.

పిన్ని మాకు చుట్టం కాదు. పాత పనిముట్ల మీది గుర్తులు చదివి, అది ఎవరు చేసిందో, ఎన్నాళ్లనాటిదో చెప్పడం ఆమె పని. తాతగారి ఉలి దొరికిన మనవలు ఆమె బల్ల దగ్గరికి వస్తారు. ఆమె తుప్పు తుడిచి, మెడలో వేలాడే భూతద్దాన్ని కంటికి ఆనించి, “ఏనుగు తొండం పైకెత్తితే పాత అచ్చు, దించితే కొత్తది. మీ తాత చెప్పినంత ముసలిది కాదిది” అని మొహం మీదే చెప్పేస్తుంది.

ఏనుగు గుర్తు బజారు చివరి పనిముట్ల కొట్టువాళ్లది. ఆమె ఈ విద్య నేర్చుకున్నదే ఆ ఏనుగు కోసం.

ఆమె తండ్రి కమ్మరి. ఆయన చేసే ఉలుల మీద చేప గుర్తు ఉండేది. కొట్టాయన వాటిని కొని, చేపను ఆకురాయితో అరగదీయించి, ఆ ఖాళీకి కాస్త పైగా తన ఏనుగు కొట్టించి అమ్మాడు. కమ్మరి సొంతంగా అమ్మకానికి దిగేసరికి, “నా సరుక్కి నకలు కొడుతున్నాడు, దొంగ” అని కొట్టాయన తన కొట్టు మెట్ల మీద నిలబడి అరిచాడు. వడ్రంగులు కొనడం మానేశారు. కొలిమి ఆరిపోయింది. ఆయన దొంగ అనిపించుకునే పోయాడు. అప్పుడు పిన్నికి పదిహేడేళ్లు. ఇప్పుడు అరవై మూడు.

“కొట్టాయన ఇంకా బతికున్నాడా పిన్నీ?”

“ఉండాలనే రోజూ కోరుకుంటున్నా. వాడు దగ్గాడని వింటే నాకు నిద్రపట్టదురా.”

ఒకరోజు మాటల మధ్య, తన తండ్రి గుర్తు ఎలా వేసేవాడో చెప్పింది. ఉలికి పదును పట్టించాక, మెడ దగ్గర మెత్తగా ఉన్నచోట, చల్లారిన ఇనుము మీద అచ్చు పెట్టి కొట్టేవాడట. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. చల్లటి లోహం మీద దెబ్బ పడితే గుంట ఒక్కటే పడదు, కింద పొర కూడా నలుగుతుంది. ఆకురాయి గుంటను చెరపగలదు. నలిగిన చోటును మాత్రం ఆమ్లం వేరుగా కొరుకుతుంది, చెరిపేసిన బొమ్మ మళ్లీ తేలుతుంది.

పాత సామాన్లలో ఆమె కొన్న ఏనుగు ఉలి మీద ముందు ప్రయత్నించాం. మెల్లగా చేప తల వచ్చింది, మొప్పలు వచ్చాయి, తోక వచ్చింది. పిన్ని ఏడుస్తుందనుకున్నాను.

“శనివారం వడ్రంగులంతా కొట్టు దగ్గరే ఉంటారు. సీసా తీసుకురా” అంది.

శనివారం పొద్దున్నే వెళ్లాం. కొట్టాయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వెనక అద్దాల పెట్టెలో, కొట్టు మొదట్లో అమ్మిన సరుకులోంచి దాచిన ఉలులు ఆరు.

“మీ ఏనుగు కింద మా నాన్న చేప ఉంది, ఈ మందుతో కడిగి చూపిస్తాం” అంది పిన్ని.

“ఇన్నేళ్లకు ఇదేం పాటమ్మా? మీ నాన్న నకలు కొట్టాడని అందరికీ తెలుసు.”

“అయితే భయమెందుకు బాబాయ్? ఆ పెట్టెలోది ఒకటి మీరే తీసివ్వండి. మీరు ఏదిస్తే అదే.”

“ఇవ్వండి పెద్దాయనా, కడిగితే ఏనుగు పారిపోతుందా!” అన్నాడో వడ్రంగి. అందరూ నవ్వారు. ముసలాయనా నవ్వి, మెడ అన్నిటికన్నా నునుపుగా ఉన్నది ఏరి ఇచ్చాడు. ఆకురాయి మీద ఆయనకు అంత నమ్మకం.

దూదితో ఆమ్లం అద్దాను. మరీ లోతుగా అరగదీసి ఉంటే ఏమీ రాదు. పావుగంట గడిచింది. ఏనుగు కాళ్ల కింద ముందు తోక కనిపించింది.

అందరిలోకీ పెద్ద వడ్రంగి భూతద్దం తీసుకుని చూశాడు. “చేపే. మొప్ప దగ్గర మూడు గీతలు. మా నాన్న దగ్గర ఇలాంటిది ఉండేది. దొంగసరుకని నేనే బావిలో పారేశాను” అన్నాడు. ఇక ఎవరూ నవ్వలేదు.

కొట్టాయన కొడుకు పరిగెత్తుకొచ్చాడు. “అక్కా, లోపల కూర్చుని మాట్లాడుకుందాం, రండి.”

“మా నాన్నని లోపల కూర్చోబెట్టి అన్నారా? మెట్ల మీద నిలబడి అన్నారు. అక్కడే అనమను.”

ముసలాయన కర్ర పట్టుకుని మెట్ల మీదికి వచ్చాడు. “ఆ ఉలులు కమ్మరివి.”

“వినబడలేదు.”

మళ్లీ అన్నాడు.

“దొంగ ఎవరు?”

“నేనే.”

వడ్రంగులు కొనడానికి తీసుకున్నవి బల్ల మీద పెట్టేసి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పిన్ని కళ్లలో జాలి ఉందేమోనని చూశాను. లేదు. కడుపు నిండా పాలు తాగిన మా పాప మొహంలా ఉంది ఆమె మొహం.

“ఇన్నేళ్లు ఎలా ఆగావు? నేనైతే రోజూ వెళ్లి అరిచేవాణ్ణి” అన్నాను దారిలో.

“అరిస్తే పిచ్చిదనేవారు. కోపం కూడా పనిముట్టేరా కెమిస్ట్రీ. రోజూ ఝళిపిస్తే మొద్దుబారుతుంది. నూనె రాసి దాచుకో, పని పడ్డరోజు తియ్యి.”

నా ప్రయోగాల ఫలితాల కింద తన పేరు వేసుకున్న మా పై అధికారి గురించి ఇంట్లో అరవడం మానేశాను. ప్రయోగాలు రాసుకునే నా నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ తేదీ వేసి సంతకం చేస్తున్నాను.