బాణం ముక్కు ఎందుకు వంగింది

బాణం ముక్కులో కంటికి ఆనని భాగాలు రెండున్నాయి. కార్బన్ గొట్టం చివర, లోపల అతికించేది ఇన్సర్టు. వేలి కణుపంత ఉంటుంది. దాని లోపల మర ఉంటుంది, మొన ఆ మరలోకి బిగుస్తుంది. అదే చోట గొట్టం పైన ఉంగరంలా తొడిగేది కాలరు. మొన గట్టి దానికి తగిలినప్పుడు గొట్టం చీలిపోకుండా ఇది పట్టి ఉంచుతుంది. ఈ రెంటినీ ఏ లోహంతో చేయించుకోవాలన్న ప్రశ్న మీద నేను పద్నాలుగు శనివారాలు గడిపాను. తెలివైనవాడికి పావుగంట పని. తెలివి తక్కువై అన్ని వారాలు పట్టలేదు నాకు.

నాచారంలో రెండు గదుల పోర్షన్లో ఒక్కడినే ఉంటాను. చర్లపల్లిలో మందుల గోడౌన్లో గుమస్తాని. పెళ్లయింది, విడిపోయి ఏడేళ్లయింది. ఆవిడ తప్పేమీ లేదు. ఇంటికి ఆలస్యంగా వచ్చిన మగాడు బస్సు చెడిపోయిందని చెబుతాడు. నేను ఉప్పల్ రింగ్ రోడ్డు మీద ఏనుగు అడ్డం పడుకుందని చెప్పేవాడిని. నిజంగా బస్సు చెడిపోయిన రోజున కూడా ఏనుగే. నేను చెప్పే ప్రతి మాటనూ వడపోసుకుని వడపోసుకుని ఆవిడ అలిసిపోయింది.

రెండేళ్ల కిందట భుజం పట్టేస్తే డాక్టరు ఏదైనా వ్యాయామం చేయమన్నాడు. ఆయన మనసులో ఉన్నది ఈత అయి ఉంటుంది. నేను ఉప్పల్లో ఆదివారం పొద్దున బాణాలు వేయడం నేర్పే మైదానంలో చేరాను. అక్కడ నేను తప్ప అందరూ పన్నెండేళ్ల లోపు పిల్లలు. పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో వాళ్ల తల్లులు. నాతో మాట్లాడవలసిన అవసరం ఎవరికీ లేదు.

మొదటి నెలలోనే నా బాణం ఒకటి గురిబోర్డు తప్పి, దాని ఇనుప ఫ్రేముకు తగిలింది. ఇన్సర్టు వంకర పోయింది. కొత్తది తెప్పించుకోమన్నాడు కోచ్. సందుకో వర్క్‌షాపున్న నాచారంలో ఉంటూ ఇంచు లోహం ముక్కను ఎక్కడినుంచో తెప్పించుకోవడం నాకు నామోషీగా తోచింది. పారిశ్రామికవాడ వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక లేత్ మిషను, దాని మీద లోహం తరిగే, అరవై దాటిన ఒక టర్నరు. వంకర ముక్క ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఎట్ల వంగింది సార్?"

ఫ్రేముకు తగిలిందని చెప్పి ఊరుకోవచ్చు. "బోర్డు మీదుగా పోయి, రోడ్డు దాటి, మెట్రో పిల్లరుకు కొట్టుకుని, వెనక్కొచ్చి నా కాళ్ల దగ్గర పడిందన్నా" అన్నాను.

"పిల్లర్‌కేమన్న అయిందా?"

"సొట్ట పడింది."

ఆయన నవ్వలేదు. అల్యూమినియం రాడ్డు బిగించి పని మొదలుపెట్టాడు. మరుసటి శనివారం ఇంకో వంకర ముక్కతో వెళ్తే అన్నాడు, "పిల్లర్ సూసొచ్చిన. సొట్ట ఉన్నమాట నిజమే. గని లారీ అంత పెద్దగుంది. నీ బాణమెంతుంటది?"

మూడో వారానికి సార్ పోయి తమ్మీ వచ్చింది. నన్ను అలా పిలిచే మనిషి ఈ ఊళ్లో అప్పటికి ఎవరూ లేరు. శనివారం గోడౌన్ నుంచి నేరుగా షెడ్డుకే వెళ్లేవాణ్ని. ఆయన పని చేస్తూ విని, ఒక్కోసారి నవ్వేవాడు. నేను చెప్పేవాణ్ని.

ఆయన మంచి పనివాడు కాబట్టి ఇబ్బంది మొదటి నుంచీ ఉంది. "అల్యూమినియం మెత్తగుంటది తమ్మీ. స్టీలేద్దాం. కాలర్ గూడ స్టీల్దే తొడుగుతె గొట్టం పగలదు."

"స్టీలు బరువన్నా. ముక్కు బరువైతే బాణం కిందికి దిగిపోతుంది."

ఇది సగం నిజం. విల్లు మీది గురిపుల్లను కాస్త జరుపుకుంటే సరిపోయే సంగతి. ఆ సగం చెప్పలేదు.

"ఇత్తడి?"

"స్టీలు కన్నా బరువు."

"టైటానియం? అల్కగుంటది, గట్టిగుంటది. చర్లపల్లిల తుక్కు దుకాణంల రాడ్డు దొరుకుతది. నా టూల్స్ మాడుతయి గని చేస్త."

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. వంగని ముక్కు చేతికిస్తే మళ్లీ శనివారం ఏం పట్టుకుని రావాలి? "నీ టూల్స్ పాడైతే నాకు నిద్ర పట్టదన్నా" అని తప్పించుకున్నాను.

ఇంతలో ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. నాకు గురి కుదరసాగింది. బాణాలు ఫ్రేముకు తగలడం మానేశాయి. శుక్రవారం సాయంత్రం చూసుకుంటే వంకర పోయిన ముక్క ఒక్కటీ లేదు. పని లేకుండా ఒకరి గుమ్మం ఎక్కడం మా ఇంటా వంటా లేదు. డాబా మీద బట్టలుతికే బండ ఉంది. బాణాన్ని కుడిచేత్తో రోకలిలా పట్టుకుని దాని మీద నాలుగు పోట్లు పొడిచాను. ముక్కు చక్కగా వంగింది. పక్క డాబా మీద వడియాలు తీస్తున్న ఆవిడ చూసి లోపలికి వెళ్లిపోయింది.

అది మొదలు ప్రతి శుక్రవారం అదే పని. శనివారం దానికొక కథ. ఒక వారం నారపల్లి ప్లాట్లలో సరిహద్దు రాయికి తగిలింది. ఇంకో వారం కాప్రా చెరువులో కొంగ దాన్ని చేపనుకుని కొరికింది.

కొంగ కథకు ఆయన నవ్వలేదు. ఆ తర్వాతి వారం కూడా నవ్వలేదు. కళ్లజోడు మార్చాడు. ఒక శనివారం వెళ్లేసరికి మిషను విప్పి ఉంది. ఇంకో శనివారం అసలు ఆన్ చేసి లేదు. పద్నాలుగో వారం నేను వంకర ముక్క తీసి ఇవ్వబోతే, ఆయన బల్ల కింద నుంచి ఒక వెడల్పాటి డబ్బా మూతను పైకి తీసి నా ముందు పెట్టాడు. అందులో నేను ఇంతకాలం తెచ్చిన ముక్కలు. ఒక్కటీ పారేయలేదు.

"సూడు తమ్మీ. అన్ని ఒక్క తీరుగ ఒంగినయి. ఎందుకో ఎర్కనా? నేను కొట్టే బెజ్జం నడుమ వడ్తలేదు. ఒక దిక్కు పల్చగైతుంది. ఆడనే ఒంగుతుంది. కొలిస్తెనేమో సరిగ్గనే కనవడ్తది. మిషిన్ సెంటర్ తప్పిందేమోనని మొత్తం విప్పి ఏసిన. సెంటర్ మంచిగనే ఉంది." రెండు చేతులూ ఎత్తి చూపించాడు. "తప్పింది ఇవి. ఇవి, కండ్లు. పంపుల కంపెనీ బుష్షుల ఆర్డరు వాపస్ పంపిన మొన్న. గీ మిషిన్ గూడ కొంటమని ఒకలు అడుగుతున్నరు, ఇచ్చేస్త."

ఆ కంపెనీకి ఆయన పాతికేళ్లుగా బుష్షులు, అంటే పంపులో ఇరుసు తిరిగే లోహపు గొట్టాలు, చేస్తున్నాడు. ముక్కలన్నీ ఒకే తీరుగా ఎందుకు వంగాయో ఆ షెడ్డులో నాకొక్కడికే తెలుసు. పొడిచింది ఒకే చెయ్యి, ఒకే బండ మీద.

"అన్నా, నీ చెయ్యి బాగానే ఉంది. నేనే వంచాను. బండకేసి పొడిచి."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "నీకు కతలు జెప్పుడు అలవాటు. నా మనసు నొయ్యద్దని గిదొక కత."

ఇన్నేళ్లలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం, నా కథలన్నిటిలోకీ నమ్మదగనిదిగా తేలింది. ఇక మాటలతో పని జరగదు. సంచిలో ఉన్న మంచి బాణం తీశాను. నిన్నగాక మొన్న ఆయన చేసిన ముక్కే దానికుంది. షెడ్డు గడప రాయి మీద కుడిచేత్తో నాలుగు పోట్లు పొడిచి ఆయన చేతికిచ్చాను.

ఆయన దాన్ని డబ్బా మూతలోని ముక్కల పక్కన పెట్టాడు. ఒక్కొక్కటే దాని పక్కకు జరిపాడు. రెండు మాత్రం వేరే రకంగా వంగాయి, అవి నిజంగా ఫ్రేముకు తగిలినవి. వాటిని పక్కన పెట్టేశాడు.

"ఇవన్ని నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు?"

నా దగ్గర ఎన్ని కథలున్నాయో దేవుడికే తెలుసు. "శనివారం ఇక్కడికి రావడానికి" అన్నాను.

ఆయన మూలనుంచి స్టీలు రాడ్డు తీసి మిషనుకు బిగించాడు. ఆరు ఇన్సర్టులు, ఆరు కాలర్లు. కాలరు గోడ గాజు అంచంత పలచగా తేలింది. ఒక్కొక్కటీ కొలిచి, వేలితో తడిమి, తనలో తనే తల ఊపుకున్నాడు. వాటిని నా బాణాలకు అతికించి, జిగురు ఆరాక, మొదటి బాణాన్ని తనే తీసుకుని గడప రాయి మీద పొడిచాడు. బలంగా, చాలాసార్లు. కొన్ని పోట్లు నా కోసమే అనిపించింది. రాయి అంచు పెచ్చు లేచింది. ముక్కు చెక్కు చెదరలేదు.

ఫోన్ తీసి పంపుల కంపెనీకి చేశాడు. "చెయ్యనని జెప్పిన గద, చేస్త. సోమారం మాల్ పంపున్రి." ఫోన్ పెట్టి బాణాలు నాకిచ్చాడు. "ఇగ ఇవి పోవు సార్."

తరువాతి శనివారం సందు మొగదాకా వెళ్లాను. మిషను చప్పుడు వినిపిస్తోంది. గుమ్మం దగ్గర బుష్షుల పెట్టెలున్నాయి. ఆయన వీపు కనబడుతోంది. నా సంచిలో ఉన్నవన్నీ మంచి బాణాలే. ఏమని వెళ్లాలో తెలియక వెనక్కి తిరిగాను.

ఆదివారం మైదానంలో నా బాణం ఒకటి చాలా రోజులకు ఫ్రేముకు తగిలింది. గంట కొట్టినట్టు మోగింది. పిల్లల తల్లుల్లో ఒకావిడ కుర్చీలోంచి లేచి వచ్చింది. ఆమె కొడుకు బాణాలు ప్రతి వారం పాడవుతున్నాయట.

"మీది వంగలేదేంటండీ? దేంతో చేశారది?"

చేరినప్పటి నుంచీ అక్కడ నన్నెవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. ఎన్నో కథలు ఒక్కసారిగా నాలుక మీదికొచ్చి నిలబడ్డాయి.

"స్టీలండి. కాలరు కూడా స్టీలే. నాచారంలో ఒక పెద్దాయన చేశాడు. చాలా మంచి చెయ్యి" అని, షెడ్డుకు దారి చెప్పాను.

ఆవిడ దారి ఫోన్లో రాసుకుని, థ్యాంక్సండీ అని వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. నేను బోర్డు దాకా నడిచి బాణాలు పీక్కున్నాను.