లోపల బండ ఉన్న పోర్షన్

1953లో కర్నూలు రాజధాని అయింది. మద్రాసు నుంచి ఆఫీసులు, గుమాస్తాలు ఒక్కసారిగా దిగేసరికి ఊళ్లో ఇల్లు దొరకడం గగనమైంది. చాలామంది ఉద్యోగులు గుడారాల్లో కాపురం పెట్టారు. నేనప్పుడు ఇళ్ల బ్రోకరుగా తిరిగేవాణ్ణి. పోర్షన్, అంటే ఇంటివాళ్లు తాము ఉంటూ అద్దెకిచ్చే భాగం, ఎక్కడ ఖాళీ అయినా ముందు నా చెవిన పడేది.

ఆ చలికాలంలో సీతారామయ్య అనే గుమాస్తా నా దగ్గరికి వచ్చాడు. నెల్లూరాయన. భార్యను పుట్టింట్లో వదిలి, తోటి ఉద్యోగులతో ఒక గుడారంలో ఉంటున్నాడు.

"ఒక్క గదైనా చాలండి. బట్టలుతికే బండ మాత్రం మా వాటాలోనే ఉండాలి. నలుగురూ వచ్చేచోట వద్దు," అన్నాడు.

కొన్ని ఇళ్లు చూపించాను. గాలీ వెలుతురూ ఉన్నవే. కానీ ఉతికేచోటు బావి దగ్గర, అందరికీ ఉమ్మడి. ప్రతిచోటా ఆయన పెరట్లోకి తొంగిచూసి తల అడ్డంగా ఊపేవాడు. నాకు విసుగొచ్చింది.

"ఏం సార్, జనం గుడ్డ కింద బతుకుతాండారు. మీకు ఉతికే బండే కావల్లనా? చాకలికి ఏస్తే పోలేదా?"

"రోజూ విడిచినవి చాకలికి వెయ్యలేం కదండీ," అని మాత్రం అన్నాడు, నేలచూపులు చూస్తూ.

చివరికి కోట దగ్గర మహబూబ్‌బీ ఇంట్లో వెనక పోర్షన్ ఖాళీ అయింది. దానికి విడిగా చిన్న పెరడు, నీళ్లతొట్టి, నున్నటి కడప బండ. మహబూబ్‌బీ ఒంటరి ముసలామె. "ఇంటామెను చూడకుండా తాళంచెవి ఇయ్యనప్పా," అంది.

సీతారామయ్య వెళ్లి భార్య శారదమ్మను రైల్లో తీసుకొచ్చాడు. ఆమె కుడిచేయి పమిట కిందనే ఉంచుకుంది. మహబూబ్‌బీ చూడనే చూసింది.

"చేతికేమాయె బిడ్డా?"

భర్త ఏదో చెప్పబోతే శారదమ్మ ఆపింది.

"పక్షవాతమొచ్చి పడిపోయిందండీ. అప్పట్నుంచి నా చీరలు కూడా ఈయనే ఉతుకుతారు. మా వీధి బావి దగ్గర ఆడవాళ్లు చూసి నవ్వేవాళ్లు. ఈయన పట్టించుకోలేదు. నాకే మనసొప్పక, మాసిన చీరలు దాచి మళ్లీ మళ్లీ కట్టుకునేదాన్ని."

సీతారామయ్య గిరుక్కున తిరిగాడు. "దాచేదానివా?" అన్నాడు. ఆ సంగతి ఆయనకూ అప్పుడే తెలిసింది.

మహబూబ్‌బీ పెరట్లోకి పోయి, గోడకేసి, పక్కింటి మిద్దెకేసి చూసింది.

"మిద్దె మీంచి చూస్తే బండ కనపడతాది. ఈ గోడ ఇంకో మూరెడు లేపల్ల. పొద్దున్నే మేస్త్రీని పిల్చకరాప్పా," అని నాతో చెప్పింది. తర్వాత, "అంతవరకూ నా కాడ ఉందువు రా తల్లీ," అంటూ శారదమ్మ పడిపోయిన చేతినే పట్టుకొని లోపలికి తీసుకుపోయింది.

వాళ్లు చేరిన కొన్నాళ్లకు, ఒక ఆదివారం పలకరిద్దామని పోయాను. మహబూబ్‌బీ అరుగు మీదే నన్ను ఆపింది.

"ఇప్పుడు పిలవొద్దప్పా. ఇద్దరూ ఉతుక్కుంటాండారు."

లోపల్నుంచి శారదమ్మ గొంతు వినిపించింది. "ఆ కొస ఇటివ్వండి, ఎడంచేత్తో గట్టిగా పట్టుకుంటా. మీరు మెలిపెట్టండి." చీర జారినట్టుంది, ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను అరుగు మీదే కూర్చుండిపోయాను.

గదులెన్ని, అద్దెంత అనేవి తెలిస్తే బ్రోకరు పని జరిగిపోతుంది. కానీ ఆ తర్వాత ఇల్లడిగి వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరెవరుంటారు, ఎవరికేం ఇబ్బంది అని అడగడం మొదలుపెట్టాను. కొందరు చెప్పరు. అలాంటప్పుడు, ఇల్లు చూపిస్తూ వాళ్లు ఎక్కడ ఎక్కువసేపు నిలబడతారో చూస్తాను.